1991 వరల్డ్ సిరీస్: లోనీ స్మిత్ ఆగిపోయినందుకే అట్లాంటా ఓడిందా?

1991 వరల్డ్ సిరీస్ (అమెరికా బేస్‌బాల్ ఫైనల్ పోరు) ఏడో మ్యాచ్ వీడియో ముక్క ఒకటి చూశానని మీరు రాశారు. అట్లాంటా బ్రేవ్స్ ఆటగాడు లోనీ స్మిత్ సెకండ్ బేస్ దగ్గర అయోమయంగా ఆగిపోయాడనీ, ఆ ఒక్క తప్పుతో కప్పు మిన్నెసోటా ట్విన్స్ చేతికి పోయిందని కింద అందరూ తిడుతున్నారనీ, అది నిజమేనా అనీ అడిగారు. పన్లోపనిగా, ఈ సిరీస్‌ని అంత గొప్పగా ఎందుకు చెప్పుకుంటారని కూడా అడిగారు.

మొదటిదానికి నా జవాబు: కాదండీ. స్మిత్ తప్పు చేసిన మాట నిజం. కానీ ఓటమి మొత్తం అతని నెత్తిన వేయడం అన్యాయం. ఎందుకో చెప్పాలంటే సిరీస్ మొత్తం చెప్పాలి, అప్పుడు మీ రెండో ప్రశ్నకీ జవాబు దొరుకుతుంది.

ముందు నా సంగతి. నేను 1998లో ఉద్యోగం కోసం ట్విన్స్ సొంత ఊరు మినియాపోలిస్ వచ్చాను. అప్పటికి బేస్‌బాల్ ఓనమాలు కూడా తెలియవు. మా అబ్బాయి పిల్లల లీగ్‌లో చేరాక స్కోరు రాసేవాళ్లు లేరని నన్ను కూర్చోబెట్టారు. పన్నెండేళ్లు రాశాను. 1991 సిరీస్ ఏడు మ్యాచ్‌ల పూర్తి రికార్డింగులూ చూసి, పెన్సిల్‌తో బంతి బంతికీ స్కోరు రాసుకున్నాను. నేను ట్విన్స్ అభిమానిని, అది దాచను. అయినా స్మిత్ పక్షాన మాట్లాడుతున్నాను.

క్రికెట్ మాత్రమే తెలిసినవాళ్ల కోసం రెండు ముక్కలు. బేస్‌బాల్‌లో ఒక్కో జట్టుకి తొమ్మిది ఇన్నింగ్స్, ఇన్నింగ్స్‌కి మూడు అవుట్లు. బ్యాటర్ కొట్టి పరిగెత్తి ఫస్ట్, సెకండ్, థర్డ్ బేస్‌లు దాటి తిరిగి హోమ్ ప్లేట్ చేరితేనే ఒక రన్. మధ్యలో ఎక్కడ చిక్కుకున్నా సున్నాయే. ప్రతి ఇన్నింగ్స్‌లో రెండోసారి ఆడేది ఇంటి జట్టు. కాబట్టి ఆఖర్లో వాళ్లు ఒక్క రన్ ఆధిక్యం సాధించిన క్షణంలో ఆట అక్కడికక్కడే ఆగిపోతుంది. తొమ్మిది ఇన్నింగ్స్ తర్వాత సమానంగా ఉంటే పది, పదకొండు, అలా తేలేదాకా ఆడాల్సిందే. సూపర్ ఓవర్ లాంటిది లేదు. వరల్డ్ సిరీస్‌లో ముందుగా నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్లదే కప్పు.

1990లో ఈ రెండు జట్లూ తమ తమ డివిజన్లలో అట్టడుగున ఉన్నాయి. ట్విన్స్ 74 గెలిచి 88 ఓడింది. బ్రేవ్స్ ఇంకా ఘోరం, 65 గెలిచి 97 ఓడింది. ఏడాది తిరిగేసరికి ట్విన్స్ 95, బ్రేవ్స్ 94 మ్యాచ్‌లు గెలిచి ఫైనల్లో ఎదురెదురు నిలబడ్డాయి. అంతకుముందు ఏడాది చివరి స్థానంలో ఉన్న జట్టు వరల్డ్ సిరీస్‌కి రావడమే ఎప్పుడూ జరగలేదు, అలాంటిది ఒకేసారి రెండు వచ్చాయి. ట్విన్స్‌కి మేనేజర్ టామ్ కెలీ, బ్రేవ్స్‌కి బాబీ కాక్స్.

అక్టోబర్ 19న మినియాపోలిస్‌లో మొదలైంది. ట్విన్స్ అప్పటి మైదానం మెట్రోడోమ్ గురించి చెప్పకుండా ముందుకెళ్లలేను. గాలి ఒత్తిడితో నిలబడే తెల్లటి గుడ్డ కప్పు కింద కట్టిన స్టేడియం అది. నేను మొదటిసారి వెళ్లినప్పుడు, మ్యాచ్ అయ్యాక తలుపు తీయగానే లోపలి గాలి వీపు మీద చెయ్యి పెట్టి తోసినట్టు బయటికి నెట్టేసింది. పక్కనున్న పెద్దావిడ టోపీ ఎగిరి రోడ్డు మీద పడింది. కప్పు ఉండటంతో కేకలు బయటికి పోయేవి కావు, చెవులు దిబ్బడ వేసేవి. గాల్లోకి లేచిన తెల్లటి బంతి ఆ తెల్లటి కప్పులో కలిసిపోయి కనిపించేది కాదు. ఈ చివరి విషయం గుర్తుంచుకోండి, స్మిత్ దగ్గర పనికొస్తుంది.

మొదటి మ్యాచ్ ట్విన్స్ 5-2తో గెలిచింది, పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. రెండోది కూడా ట్విన్స్‌దే, 3-2. కానీ అందులో అట్లాంటావాళ్లు ఇప్పటికీ మర్చిపోని ఘటన జరిగింది. మూడో ఇన్నింగ్స్‌లో బ్రేవ్స్ ఆటగాడు రాన్ గాంట్ సింగిల్ (ఫస్ట్ బేస్ దాకా చేర్చే దెబ్బ) కొట్టి ఫస్ట్ బేస్ దాటి కాస్త ముందుకెళ్లి వెనక్కి వచ్చాడు. అక్కడ బంతి అందుకుంటున్నది ట్విన్స్ ఆటగాడు కెంట్ హర్బెక్, ఆరడుగుల నాలుగంగుళాల భారీ మనిషి. గాంట్ కాలు బేస్ మీదే ఉంది. బంతి పట్టుకున్న హర్బెక్ చెయ్యి ఆ కాలి మీద ఉంది. మరుక్షణం గాంట్ కాలు బేస్ వదిలి పైకి లేచింది, బంతి ఇంకా తాకే ఉంది కాబట్టి అంపైర్ అవుట్ అన్నాడు. గాంట్ తన ఊపులో తనే తూలాడని అంపైర్ అభిప్రాయం. హర్బెక్ ఎత్తేశాడని అట్లాంటా అభిప్రాయం. నేను స్లో మోషన్‌లో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఎత్తేశాడనే అంటాను. అప్పుడు థర్డ్ బేస్ మీద రన్నర్ ఉన్నాడు, తర్వాత బ్యాటింగ్‌కి రావాల్సింది బ్రేవ్స్ గట్టి బ్యాటర్ డేవిడ్ జస్టిస్. ఆ మ్యాచ్ ఒక్క రన్‌తో పోయింది. ఆ ఒక్క రన్నూ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ట్విన్స్ ఆటగాడు స్కాట్ లేయస్ కొట్టిన హోమ్ రన్ (మన సిక్సర్ లాగా గోడ దాటిన దెబ్బ). 2011లో ట్విన్స్ యాజమాన్యం హర్బెక్, గాంట్‌ల ఆ దృశ్యాన్ని తల ఊగే బొమ్మగా చేయించి ప్రేక్షకులకి పంచింది. అది నాకు నచ్చలేదు.

అక్కణ్నుంచి అట్లాంటా వెళ్లారు. స్టేడియం నిండా జనం గొడ్డలి విసురుతున్నట్టు చేతులు ఊపుతూ రాగం తీసేవారు. అది తమను కించపరచడమేనని అమెరికా ఆదివాసులు ఈ సిరీస్ సమయంలోనే మినియాపోలిస్ స్టేడియం బయట నిరసన తెలిపారు. వాళ్ల బాధ న్యాయమైనదే.

మూడో మ్యాచ్ 12 ఇన్నింగ్స్ నడిచింది, రెండు జట్లూ కలిపి 42 మందిని దింపాయి. ఆనాటి నిబంధన ప్రకారం అట్లాంటా లాంటి నేషనల్ లీగ్ మైదానాల్లో పిచ్చర్ (బంతి వేసేవాడు) కూడా బ్యాటింగ్ చేయాలి. అందువల్ల కెలీ ఒకరి తర్వాత ఒకర్ని మార్చుకుంటూ పోయాడు, పన్నెండో ఇన్నింగ్స్ వచ్చేసరికి బ్యాటర్లందరూ అయిపోయారు. మూడు బేస్‌ల మీదా రన్నర్లు, బ్యాట్ పట్టుకుని వచ్చింది పిచ్చర్ రిక్ అగిలేరా! పాపం, బాగానే కొట్టాడు, కానీ బంతి సెంటర్ ఫీల్డర్ చేతుల్లోకి పోయింది. తర్వాత అతనే బౌలింగ్‌కి దిగాడు. బ్రేవ్స్ ఆటగాడు మార్క్ లెంకీ సింగిల్ కొట్టాడు, సెకండ్ బేస్ నుంచి జస్టిస్ పరిగెత్తుకొచ్చి హోమ్‌లోకి జారాడు. బ్రేవ్స్ 5-4.

లెంకీ గురించి ఒక మాట. ఆ సీజన్‌లో అతని సగటు .234 (అంటే వెయ్యి ప్రయత్నాల్లో 234 సార్లు బేస్ చేరే దెబ్బ), జట్టులో ఎవరూ లెక్కలో వేసుకోని బ్యాటర్. ఈ సిరీస్‌లో .417 కొట్టాడు. నాలుగో మ్యాచ్‌లో స్కోరు 2-2, తొమ్మిదో ఇన్నింగ్స్, ఒక అవుట్. లెంకీ ట్రిపుల్ కొట్టి థర్డ్ బేస్ చేరాడు. తర్వాత జెర్రీ విల్లర్డ్ రైట్ ఫీల్డ్‌లోకి లోతు లేని బంతి లేపాడు. షేన్ మాక్ క్యాచ్ పట్టగానే లెంకీ హోమ్‌కి పరుగు తీశాడు, మాక్ వెంటనే హోమ్‌కి విసిరాడు. బంతి, లెంకీ దాదాపు ఒకేసారి చేరారు. క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) బ్రయన్ హార్పర్ ఒంటితో ఒరుసుకుంటూ లెంకీ జారిపోయాడు. ఇద్దరూ తాకారు, కానీ బంతి ఉన్న గ్లవ్ మాత్రం లెంకీకి తగల్లేదు. బెత్తెడు దూరం అంతే. బ్రేవ్స్ 3-2. ఆ బెత్తెడు అటైతే ఏమయ్యేదో ఎవరూ అడగరు!

ఐదో మ్యాచ్ బ్రేవ్స్ 14-5తో ఉతికేసింది. సిరీస్‌లో ఏకపక్షంగా సాగింది అదొక్కటే. ఇక్కడ గమనించాల్సిందేంటంటే, మూడు, నాలుగు, ఐదు మ్యాచ్‌లు మూడింటిలోనూ లోనీ స్మిత్ హోమ్ రన్ కొట్టాడు. బ్రేవ్స్ 3-2 ఆధిక్యంలోకి రావడంలో అతని చెయ్యి అంత ఉంది. ఏడో మ్యాచ్ వీడియో కింద తిట్లు రాసేవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు ఎంతమందో!

ఆరో మ్యాచ్‌కి మళ్లీ మెట్రోడోమ్. ఇది ట్విన్స్ ఆటగాడు కర్బీ పకెట్ రాత్రి. అయిదడుగుల ఎనిమిదంగుళాల మనిషి, గుండ్రంగా, చూడ్డానికి ఆటగాడిలా ఉండడు. మొదటి ఇన్నింగ్స్‌లో ట్రిపుల్ కొట్టి ఒక రన్ తెచ్చాడు, తర్వాత తనూ స్కోరు చేశాడు. మూడో ఇన్నింగ్స్‌లో గాంట్ కొట్టిన బంతి గోడ దాకా పోతుంటే పరిగెత్తి, గోడకి ఆనించిన ప్లాస్టిక్ అద్దాల పలక పక్కన గాల్లోకి ఎగిరి పట్టేశాడు. స్కోరు 3-3, పదకొండో ఇన్నింగ్స్. మామూలుగా మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్ చార్లీ లైబ్రాంట్‌ని కాక్స్ మధ్యలో దింపాడు. అతనికి మొదటి బ్యాటర్ పకెట్. బంతి లెఫ్ట్ సెంటర్ వైపు స్టాండ్‌లో పడింది. 4-3. లైబ్రాంట్‌ని ఎందుకు దింపావని కాక్స్‌ని అట్లాంటా ఇప్పటికీ అడుగుతూనే ఉంది. ఇప్పుడు ట్విన్స్ కొత్త స్టేడియం టార్గెట్ ఫీల్డ్ బయట పకెట్ విగ్రహం ఉంది, పిడికిలి బిగించి పరిగెత్తుతున్నట్టు. నీటికాసుల జబ్బుతో చూపు దెబ్బతిని 1996లోనే ఆట మానేశాడు. 2006లో 45 ఏళ్లకే పోయాడు. ఆ విగ్రహం ముందు నుంచి వెళ్లిన ప్రతిసారీ మనసు కలుక్కుమంటుంది.

ఇక అక్టోబర్ 27, ఆదివారం, ఏడో మ్యాచ్.

ట్విన్స్ తరఫున పిచ్చర్ జాక్ మోరిస్, 36 ఏళ్లు, పుట్టింది పక్కనే సెయింట్ పాల్‌లో. డెట్రాయిట్‌లో పద్నాలుగు సీజన్లు ఆడి, ఒక్క ఏడాది ఒప్పందం మీద సొంతూరు వచ్చాడు. బ్రేవ్స్ తరఫున 24 ఏళ్ల జాన్ స్మోల్ట్జ్. డెట్రాయిట్ ఉన్న మిషిగన్ రాష్ట్రంలోనే పెరిగిన స్మోల్ట్జ్‌కి చిన్నప్పటి హీరో ఎవరో తెలుసా? ఆ మోరిసే.

మొదటి బంతికి ముందు జరిగింది చాలామంది గమనించరు. మొదటి బ్యాటర్‌గా వచ్చిన లోనీ స్మిత్ క్యాచర్ హార్పర్ వైపు తిరిగి చెయ్యి చాపాడు. ఇద్దరూ కరచాలనం చేసుకున్నారు. ఆరు మ్యాచ్‌లు నువ్వా నేనా అని కొట్టుకున్నాక, చావో రేవో అనే రాత్రి మొదలయ్యే ముందు జరిగిన పని అది. స్మిత్ ఎలాంటివాడో తెలియాలంటే నేను ముందు ఆ దృశ్యం చూపిస్తాను.

ఏడు ఇన్నింగ్స్ సున్నా-సున్నా. ఐదో ఇన్నింగ్స్‌లో బ్రేవ్స్ ఒక అవుట్‌కి ఫస్ట్, థర్డ్ బేస్‌ల మీద రన్నర్లను పెట్టింది. టెర్రీ పెండల్టన్ బంతిని పైకి లేపి దొరికిపోయాడు, గాంట్ స్ట్రయికవుట్ అయ్యాడు, అంటే బంతి కొట్టకుండానే అవుట్. ఈ ఇన్నింగ్స్‌ని కూడా లెక్కలో పెట్టుకోండి.

ఎనిమిదో ఇన్నింగ్స్. స్మిత్ సింగిల్ కొట్టి ఫస్ట్ బేస్ మీద ఉన్నాడు. మోరిస్ బంతి వేస్తుండగానే పరుగు మొదలుపెట్టాడు. పెండల్టన్ లెఫ్ట్ సెంటర్‌లోకి గట్టిగా కొట్టాడు. పరిగెత్తే రన్నర్ బ్యాట్ శబ్దం వినగానే ఒక్కసారి తల తిప్పి బంతి ఎటు పోయిందో చూడాలి. మా లీగ్‌లో పదేళ్ల పిల్లలకి మొదటి వారంలో నేర్పే పాఠం అది. స్మిత్ చూడలేదు. అతని తప్పు అదీ, అక్కడే. సెకండ్ బేస్ దగ్గర చక్ నాబ్లాక్, గ్రెగ్ గ్యాగ్నీ ఒక నాటకం ఆడారు. నాబ్లాక్ ఆ ఏడాదే కొత్తగా వచ్చిన కుర్రాడు. నేల మీద లేని బంతిని అందుకున్నట్టు వంగి, గ్యాగ్నీకి విసిరినట్టు నటించాడు. బంతి అప్పటికి గోడ వైపు ప్రయాణిస్తోంది. స్మిత్ సెకండ్ దాటి తటపటాయించి ఆగాడు. తాను ఆ నాటకానికి మోసపోలేదనీ, బంతి క్యాచ్ అవుతుందేమోనని ఆగాననీ స్మిత్ తర్వాత చెప్పాడు. ఆ తెల్లటి కప్పు కింద, ఆ హోరులో అది నమ్మదగ్గ మాటే. బంతి ఎక్కడుందో తెలిసేసరికి థర్డ్ దాకానే వెళ్లగలిగాడు. ఆగకపోతే తప్పకుండా స్కోరు చేసేవాడు, అందులో అనుమానం లేదు.

మీరు చూసిన వీడియో ఇక్కడే అయిపోయి ఉంటుంది. మ్యాచ్ మాత్రం అయిపోలేదు.

ఇప్పుడు నా స్కోరు పుస్తకంలో ఏముందో చూడండి. సెకండ్ మీద ఒకడు, థర్డ్ మీద ఒకడు, అవుట్లు సున్నా. బ్యాటింగ్ జట్టు కలలు కనే పరిస్థితి అది. ఒక మోస్తరు దూరం బంతి లేపి క్యాచ్ ఇచ్చినా స్మిత్ హోమ్ చేరతాడు. వచ్చింది గాంట్. ఫస్ట్ బేస్ వైపు నేల మీద బలహీనంగా కొట్టాడు. హర్బెక్ అందుకున్నాడు, రన్నర్లు కదల్లేకపోయారు. ఒక అవుట్. జస్టిస్‌ని కావాలనే నడిపించి (కొట్టనివ్వకుండా ఫస్ట్ బేస్ ఊరికే ఇచ్చేసి) మూడు బేస్‌లూ నింపారు. తర్వాత సిడ్ బ్రీమ్, మోకాలి ఆపరేషన్లతో పరుగు తగ్గినవాడు. నేరుగా హర్బెక్ దగ్గరికే కొట్టాడు. హర్బెక్ హోమ్‌కి విసిరాడు, హార్పర్ ప్లేట్ తొక్కి తిరిగి హర్బెక్‌కి విసిరాడు. ఒకే దెబ్బకి రెండు అవుట్లు (డబుల్ ప్లే), ఇన్నింగ్స్ అయిపోయింది. స్కోరు పుస్తకంలో దాన్ని 3-2-3 అని రాస్తాం: ఫస్ట్ బేస్‌మన్ మూడు, క్యాచర్ రెండు, మళ్లీ మూడు. పన్నెండేళ్లలో పిల్లల మ్యాచ్‌లలో ఆ మూడంకెలు నేను రాసింది ఒక్కసారే. పెన్సిల్‌తో ఆ గడి నింపుతుంటే, రికార్డింగే అయినా చెయ్యి వణికింది.

నోటిదాకా వచ్చిన ముద్ద అలా జారిపోయింది. దానికి ఇద్దరు బ్యాటర్లు బాధ్యులు, అంతకన్నా ఎక్కువగా మోరిస్ కారణం. స్మిత్ పోగొట్టింది ఒక అవకాశం. మిగిలిన అవకాశాలన్నీ అలాగే చేతిలో ఉన్నాయి.

ఇంకో విషయం. అదే ఎనిమిదో ఇన్నింగ్స్ రెండో సగంలో ట్విన్స్‌కీ సరిగ్గా అదే గతి పట్టింది. మూడు బేస్‌లూ నిండి ఉన్నాయి, ఒక అవుట్. హర్బెక్ కొట్టిన బంతి నేరుగా లెంకీ చేతుల్లో పడింది, అతను సెకండ్ బేస్ తొక్కేశాడు, డబుల్ ప్లే. తొమ్మిదిలో కూడా ట్విన్స్ ఇద్దర్ని బేస్‌ల మీద పెట్టి మరో డబుల్ ప్లేతో చిక్కుకుంది. బ్రేవ్స్ గెలిచి ఉంటే ఈ రోజు మినియాపోలిస్‌లో హర్బెక్‌ని తిట్టుకుంటూ కూర్చునేవాళ్లం.

తొమ్మిది అయ్యాక కెలీ మోరిస్‌తో ఇక చాలన్నాడు. మోరిస్ ససేమిరా అన్నాడు. కెలీ సరేనన్నాడు. పదో ఇన్నింగ్స్‌లో మోరిస్ ముగ్గుర్నీ వరసగా అవుట్ చేశాడు. మొత్తం 126 బంతులు, ఏడు హిట్లు (బేస్ చేరిన దెబ్బలు), రన్ ఇవ్వలేదు. ఆ తర్వాత వరల్డ్ సిరీస్‌లో ఏ పిచ్చరూ ఒక మ్యాచ్‌లో పది ఇన్నింగ్స్ వేయలేదు. ఇప్పటి పద్ధతుల్లో ఇక ఎవరూ వేయరనే నా నమ్మకం.

పదిలో ట్విన్స్ తరఫున డాన్ గ్లాడెన్ వచ్చాడు. బ్యాట్ విరిగింది, బంతి లెఫ్ట్ సెంటర్‌లో పడి ప్లాస్టిక్ గడ్డి మీద ఎత్తుగా లేచింది. మామూలుగా అది సింగిల్. గ్లాడెన్ ఆగలేదు, ఫస్ట్ దాటి అదే ఊపులో సెకండ్‌లోకి జారాడు. అదీ పెద్ద సాహసమే. ఫీల్డర్ విసిరింది కాస్త నేరుగా వచ్చి ఉంటే అతన్నీ ఈ రోజు తిట్టేవాళ్లు. నాబ్లాక్ మెల్లగా బంతిని నేలకి తట్టి అతన్ని థర్డ్‌కి చేర్చాడు. పకెట్‌నీ హర్బెక్‌నీ కావాలనే నడిపించారు. అప్పుడు మోకాలి నొప్పితో బెంచీ మీదున్న జీన్ లార్కిన్‌ని పంపారు. రన్ ఆపడానికి అట్లాంటా ఫీల్డర్లందరూ ముందుకొచ్చి నిలబడ్డారు. మొదటి బంతికే లార్కిన్ వాళ్ల తలల మీదుగా కొట్టాడు. గ్లాడెన్ రెండు కాళ్లతో హోమ్ ప్లేట్ మీదికి దూకాడు. 1-0. మోరిస్ అతన్ని వాటేసుకోవడానికి అప్పటికే అక్కడున్నాడు. సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడి బహుమతి మోరిస్‌కే ఇచ్చారు.

అంకెలు కావాలంటే ఇవిగో. ఏడింటిలో ఐదు మ్యాచ్‌లు ఒక్క రన్ తేడాతో తేలాయి. మూడు మ్యాచ్‌లు అదనపు ఇన్నింగ్స్‌కి వెళ్లాయి. నాలుగు మ్యాచ్‌లు ఆఖరి బంతికి ముగిశాయి. ఏడు మ్యాచ్‌లూ ఇంటి జట్టే గెలిచింది. మొత్తం రన్స్ కూడితే బ్రేవ్స్ 29, ట్విన్స్ 24, అంటే ఓడినవాళ్లే ఎక్కువ కొట్టారు. 1960లో పిట్స్‌బర్గ్, న్యూయార్క్‌ల సిరీస్, 1975లో సిన్సినాటి, బోస్టన్‌ల సిరీస్ గొప్పవే. కానీ ఇన్ని రాత్రులు వరసగా ఊపిరి బిగబట్టించింది మాత్రం 1991దే అని నా అభిప్రాయం. ఆ గెలుపు తర్వాత నాలుగు రోజులకే, హాలోవీన్ నాడు మొదలైన తుఫాను మినియాపోలిస్‌ని 28 అంగుళాల మంచులో ముంచింది. ఆ ఏడాది ఇక్కడున్న పాతవాళ్లు రెండు సంగతులూ ఎప్పుడూ ఒకే ఊపులో చెబుతారు.

ఇక స్మిత్ కథ అక్కడితో అయిపోలేదు. వీడియో చూసినవాళ్లు దీన్ని కూడా చూడాలని నా కోరిక. 1992 అక్టోబర్‌లో బ్రేవ్స్ మళ్లీ వరల్డ్ సిరీస్‌కి వచ్చింది. ప్రత్యర్థి టొరంటో. ఐదో మ్యాచ్, టొరంటో మైదానంలో, ఐదో ఇన్నింగ్స్. అవతల పిచ్చర్, మినియాపోలిస్ వదిలి టొరంటోకి వెళ్లిన జాక్ మోరిస్. రన్నర్లు బేస్‌ల మీద ఉండగా డేవిడ్ జస్టిస్‌ని మళ్లీ కావాలనే నడిపించి మూడు బేస్‌లూ నింపారు. తర్వాతి బ్యాటర్ లోనీ స్మిత్. మోరిస్ బంతిని స్మిత్ గోడ అవతలికి కొట్టాడు. ఒకే దెబ్బకి నాలుగు రన్స్, బ్రేవ్స్ 7-2తో ఆ మ్యాచ్ గెలిచింది. ఈసారి అతను ఎక్కడా ఆగాల్సిన పని లేకపోయింది.